సుగుణక్క డేటాబేస్ పుస్తకం

మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ ఎదుటి జిరాక్సు షాపులో వేడి కాగితాల వాసన తగిలితే చాలు, నాకు సుగుణక్క గుర్తొస్తుంది. మంచి మనిషి గుర్తొస్తే సంతోషం కలగాలి. నాకు మాత్రం గుండె బరువెక్కుతుంది. జనగామలో ఒక విత్తనాల దుకాణం పైన ఆమె కంప్యూటర్ సెంటర్ నడిపేది. మా ఊరు దేవరుప్పుల నుంచి బస్సులో వెళ్లి నేర్చుకునేదాన్ని. ఇంగ్లీషు పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్న నన్ను ఒకరోజు కిందికి తీసుకెళ్లి దుకాణం అరలు చూపించింది. “పత్తి గింజలు ఓ అరల, మక్కలు ఓ అరల. రెండూ కలిపి పోస్తే సేటు ఏడ్వాలె. డేటాబేస్‌ల టేబుల్ అంటే గంతే. ఏంది, గింతదానికే పరేషానా?” అంది.

మాకు వేడివేడిగా జిరాక్సు తీసి పంచిన ఆ పాఠాలనే ఆమె తెలుగులో పుస్తకంగా రాసింది. వేస్తానన్న ప్రచురణకర్త ఒక్కరూ లేరు. అప్పటికే గుండె జబ్బు ముదిరింది. దవాఖానకు తిరుగుతూనే అచ్చు ఖర్చుల కోసం ఇంటర్నెట్‌లో చందాల పేజీ తెరిచింది. గడువులోగా అనుకున్నంత పోగవకపోతే ఎవరి డబ్బు వాళ్లకు తిరిగిపోతుందని అక్కడి నియమం. ఇచ్చినవాళ్లకు మొదటి అధ్యాయం పంపి, అర్థమైందా లేదా అని ఫోన్ చేసి మరీ అడిగేది. చందా ఇచ్చినవాళ్లకు పరీక్ష పెట్టే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

గడువు దగ్గరపడ్డా సగం కూడా రాలేదు. అప్పుడు కింది దుకాణం సేటు పైకి వచ్చాడు. మా వైపు పెద్దకర్మకో సంవత్సరీకానికో వచ్చినవాళ్లకు, పోయినవాళ్ల పేరు కొట్టించిన స్టీలు డబ్బాలు పంచుతారు.

“మా బాపు సంవత్సరీకానికి ఈసారి డబ్బాలొద్దు బిడ్డా. తక్కువ పడ్డదంతా నేనిస్త. మొదటి పేజీల బాపు ఫోటో వెయ్యి, పుస్తకాలే పంచుత,” అన్నాడు.

“గవి చదివెటోళ్లకు పోవాలె సేటూ. అన్నం తినిపోయెటోళ్ల అల్మారలల్ల పడితే నేను రాసి ఏం లాభం?” అంది అక్క.

సేటు చిన్నబుచ్చుకుని దిగిపోయాడు. నేను ఉండబట్టలేక, “పుస్తకం చేతికొస్తుండె కదక్కా,” అన్నాను.

“నాకు ఆశ లేదనుకున్నవా?” అంటూ కళ్లు తుడుచుకుంది.

గడువు ముగిసింది, డబ్బంతా వెనక్కి పోయింది. ఆ వానాకాలంలోనే అక్క కూడా పోయింది.

పెద్దకర్మ నాడు భూపాలపల్లి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, భోంచేసి లేచిన ప్రతివాళ్ల చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. అక్క పుస్తకమే, తన సొంత ఖర్చుతో అచ్చు వేయించాడట. మొదటి పేజీలో అక్క ఫోటో. ఏడుస్తూ పంచుతున్న అతని మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఎవరి మీద చూపాలో తెలియని కోపం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

సెలవు దొరికినప్పుడల్లా అక్క చుట్టాల ఇళ్లు తిరిగి, నా విద్యార్థుల కోసం ఆ పుస్తకాలు అడుగుతుంటాను. మొన్న దంతాలపల్లిలో ఆమె మేనత్త, బీరువాలో చీరల కింది నుంచి పుస్తకం తీసి గుండెకు హత్తుకుంది. “సుగుణ ఫోటో ఉన్నది బిడ్డా, ఎట్లియ్యాలె?”

“పిల్లలు చదువుకుంటరవ్వా,” అన్నాను.

అవ్వ పుస్తకం తెరిచి ఫోటోను వేలితో తడిమింది. తర్వాత ఫోటో ఉన్న కాగితాన్ని మెల్లగా చింపుకుని, మిగతాది నా చేతికిచ్చింది. “నాకు గీ పిల్ల చాలు. కడమది తీస్కపో.”

అలాంటి పుస్తకాలు ఇప్పుడు నా దగ్గర కొన్ని ఉన్నాయి. రాసినామె ఎట్లుండేదని పిల్లలు అడుగుతారు. “పత్తి గింజలు ఓ అరల, మక్కలు ఓ అరల,” అని అక్క మాటలతోనే పాఠం మొదలుపెడతాను.