లైను మీద పదిహేడు మోపులు

ఇది అప్పుడే రాయాల్సిన సంగతి. అప్పుడు నాకు అక్షరాలు రావు. యాభై ఆరేళ్ళ వయసులో, మా ఊరి అంగన్‌వాడీ వరండాలో మధ్యాహ్నం పూట కూర్చుని నేర్చుకున్నాను. అంతకుముందు తొమ్మిది ఎండాకాలాలు అడవి పని చేశాను. నేను చెప్పింది ఇంకొకరు రాసేవాళ్ళు, కింద నేను వేలిముద్ర వేసేదాన్ని. ఆ పద్ధతిలో ఒక సుఖం ఉంది. చెప్పనిది ఎవరూ రాయరు. అట్లా చెప్పకుండా దాచిన ఒక మాట గురించి ఇప్పుడు నేనే రాస్తున్నాను.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే రైల్లో కూర్చుంటే కనిపించే గుట్టల్లో ఒకదాని కింద మా ఊరు. కరోనా తగ్గాక వచ్చిన మొదటి ఎండాకాలం, మాఘమాసంలో, నన్ను మళ్ళీ ఆ గుట్ట మీదే ఫైర్ వాచరుగా వేశారు. అది నాకు ఆరో ఎండాకాలం. ఫైర్ వాచరు పని వానలు పడేదాకా మాత్రమే ఉంటుంది. పొద్దున తొమ్మిదికి గుట్ట ఎక్కాలి, పొద్దు వాలేదాకా పొగ కోసం చూడాలి. ఒక విజిల్, ఒక మచ్చుకత్తి, నీళ్ళ సీసా, ఫోను ఇస్తారు. నా పైన బీట్ ఆఫీసరు, ఆమె పైన సెక్షన్ ఆఫీసరు, ఆయన పైన రేంజరు. నా కింద ఎవరూ లేరు.

బీట్ ఆఫీసరు శైలజ మేడం ధర్మవరంలో మగ్గం నేసే వాళ్ళమ్మాయి. వయసులో నా కూతురి కంటే చిన్నది. నన్ను నర్సక్కా అని పిలిచేది. శనివారం వచ్చి రిజిస్టరు తెరిచి ఒక్కొక్క గడి అడుగుతూ రాసుకునేది. అందులో ఒక గడి ఫైర్ లైను పరిస్థితి.

గుట్ట నడుము చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డి కోసి, మట్టి కనిపించేలా ఊడ్చిన బాటను ఫైర్ లైను అంటారు. కింద రోడ్డు పక్కన అంటుకున్న మంట ఆ లైను దాకా వచ్చి, మేత దొరక్క ఆగిపోవాలి. లైనుకు పైన ఊరివాళ్ళు కోసుకునే సీతాఫలం చెట్లు, గొర్రెలు మేసే బయలు ఉంటాయి. లైను కోసిన గడ్డిని అదే రోజు కిందికి దించాలి. లేకపోతే తెల్లవారి మంచు తడి ఉండగానే అక్కడే కాల్చేయాలి. ఇది నియమం.

మా ఊళ్ళో జరిగేది వేరు. ఆడవాళ్ళం కలిసి లైను కోసేవాళ్ళం, బదులుగా బోద గడ్డి మాది. కొట్టాల మీద కప్పడానికి బోదను మించింది లేదు. అయితే పచ్చి మోపు మోయలేనంత బరువు. అందుకని మోపులు కట్టి లైను మీదే నిలబెట్టి, రెండు మూడు రోజులు ఆరాక దించేవాళ్ళం. ముళ్ళు లేని నేల గుట్ట మీద అదొక్కటే. మంటను ఆపడానికి ఊడ్చిన చోటే మంటకు మేత పెట్టి వస్తున్నామని నాకు తెలియక కాదు. ఐదు ఎండాకాలాలు ఏమీ కాలేదు. రిజిస్టరులో ఆ గడి దగ్గరకు రాగానే శుభ్రం అని చెప్పేదాన్ని.

ఆ ఏడు గడ్డి కోసిన రెండో రోజే, మాతో లైను కోసే ఓబులమ్మ వదిన మనవరాలి పెండ్లి చిలమత్తూరులో వచ్చింది. ఆడవాళ్ళంతా ట్రాక్టరెక్కి పోయారు. పెండ్లి మూడు రోజులు, అలసట తీరడానికి ఇంకో మూడు రోజులు. మోపులు లైను మలుపులో ఎండుతూ నిలబడ్డాయి. పదిహేడు. అందులో ఒకటి నాది.

శివరాత్రి దాటిన వారం, పొద్దున పదిన్నరకు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ రేకులు మెరిసే వైపు నుంచి గాలి తిరిగింది. రోడ్డు పక్కన పొగ లేచింది. ఎవరు అంటించారో, ఎట్లా అంటుకుందో ఇప్పటికీ తెలియదు. నేను విజిల్ ఊది, మేడానికి ఫోను చేసి, ఊళ్ళోకి ఫోను చేశాను. మంట గుట్ట దిగేటప్పుడు మనిషి నడకలా ఉంటుంది, ఎక్కేటప్పుడు గొర్రె పరుగులా ఉంటుంది. దానికి పైన నిలబడకూడదు. పక్క నుంచి, వెనక నుంచి పచ్చి కొమ్మలతో కొట్టుకుంటూ రావాలి. ఊరివాళ్ళు వచ్చి మేం కొట్టడం మొదలుపెట్టేలోగా మంట లైను దగ్గరికి పోయింది. నా ముందున్న చోట ఆగింది కూడా. మలుపు దగ్గర మాత్రం ఆగలేదు. ఒకదాని తర్వాత ఒకటి మోపులు అంటుకోవడం, అక్కడి నుంచి పైకి ఎగరడం నేను కళ్ళారా చూశాను. మలుపు అవతల ఎవరూ లేరు. చూసింది నేనొక్కదాన్నే.

సాయంత్రానికి మంట చల్లారింది. సీతాఫలం వాలు మొత్తం పోయింది. పైన బండల నడుమ మారన్న అనే గొర్రెలతను ముళ్ళకంపతో కట్టుకున్న దొడ్డి ఉండేది. ఈనిన గొర్రెలను మేతకు తోలి, పిల్లలను అందులో మూసిపోయాడు. నాలుగు పిల్లలు కాలిపోయాయి. పై నుంచి ఉపగ్రహం చూసి పంపే మంట మెసేజ్ మేడం ఫోనుకు వచ్చింది. అప్పటికి మేం నీళ్ళు తాగుతూ కూర్చున్నాం.

మరుసటి రోజు సెక్షన్ ఆఫీసరు వచ్చి సమితి గదిలో వాంగ్మూలాలు తీసుకున్నారు. సమితి అంటే అడవిని చూసుకోవడానికి ఊరివాళ్ళతో వేసిన సంఘం. లైను ఎట్లా ఉండిందని నన్ను అడిగారు. వాకిట్లో ఓబులమ్మ వదిన నిలబడి నా మొహమే చూస్తోంది. శుభ్రంగా ఉండిందని చెప్పాను. రిజిస్టరులోనూ అదే ఉంది. చదివి వినిపించారు, వేలిముద్ర వేశాను.

ఆ ఒక్క మాట ఎంత దూరం పోతుందో గది బయటికి వచ్చాక అర్థమైంది. బోద మంట శుభ్రమైన లైనును మామూలుగా దాటదు. దాటకుండానే పైన కాలిందంటే, అక్కడ వేరే మంట పెట్టినవాళ్ళు ఉండాలి. పైన ఉండేది మారన్న. కొత్త చిగురు కోసం ఎండు గడ్డికి నిప్పు పెట్టే అలవాటు గొర్రెలవాళ్ళకు ఉంది. మారన్న కూడా చిన్న వయసులో పెట్టినవాడే, నేనే ఒకసారి పట్టుకుని తిట్టాను. ఆఫీసరు తప్పుగా ఆలోచించలేదు. నేనిచ్చిన మాట మీద సరిగ్గానే లెక్క కట్టారు.

మారన్న ఒకటే అన్నాడు. "నా పిల్లల్ని దొడ్లో పెట్టి నేనే అగ్గి పెడతానా సార్?"

"పెట్టినోళ్ళు అందరూ గాలి తిరగదనే అనుకుంటారు" అన్నారు ఆయన.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. అన్నం ముందు పెట్టుకుని లేచిపోయేదాన్ని. డ్యూటీ అయ్యాక కూడా మలుపు దాకా పోయి వచ్చేదాన్ని. పలచటి గడ్డి కాలితే నేల నల్లగా ఉంటుంది. మోపు కాలితే చాలాసేపు నిలిచి కాలుతుంది కాబట్టి బూడిద తెల్లగా, గుండ్రంగా మిగులుతుంది. లైను మీద పదిహేడు తెల్లటి గుండ్రాలు. ఆఫీసర్లు చూసింది గుట్ట ఎక్కే బాట పక్కన బాగున్న లైనునే, మలుపు దాకా రాలేదు. మధ్యాహ్నం గాలికి ఆ గుండ్రాల అంచులు రోజూ కొంచెం కొంచెం చెదిరిపోతున్నాయి. కాలితో చెరిపేస్తే క్షణం పని. ఒకరోజు కాలు ఎత్తాను కూడా. మళ్ళీ దించుకుని ఇంటికి వచ్చాను.

ఓబులమ్మ వదిన దగ్గర ఈ మాట ఒకసారి ఎత్తాను. ఆమె చాటలో శనక్కాయలు వలుస్తోంది.

"యాలా నీకీ పీకులాట? వానికి ఈ గుట్ట గాకుంటే ఇంగో గుట్ట ఉండాది. మోపుల సంగతి చెప్తే వచ్చే ఏడు మనల్ని లైను కొయ్యనిస్తారా? నీ పని ఉంటాదా?"

"కేసు రాస్తారంట వదినా."

"రాయనీ. నువ్వేం రాసినావా? నీకు రాసేదే రాదు గదే."

ఆమె నవ్వుతూనే అంది. అయినా ఆ మాట నా చెవిలో చాలా రోజులు ఉంది.

పదో రోజు సాయంత్రం నాలుగింటికి సమితి మీటింగు పెట్టారు. కాలిన గుట్టను మళ్ళీ పచ్చగా చేయడం ఎట్లా అన్నది విషయం. శైలజ మేడం ఓపికగా చెప్పింది. సీతాఫలం మోడును నేల దగ్గర నరికితే మొదలు నుంచి చిగురు వస్తుంది, తవ్వి పారేయకండి. మొదటి వానకు మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా కందకాలు తవ్వుదాం. రెండేళ్ళు గొర్రెలను తోలకూడదు, చిగురు నిలవదు. ఆ పనుల్లో ఊరివాళ్ళకే కూలి. అందరి మొహాలూ తేటపడ్డాయి. చివర్లో సెక్షన్ ఆఫీసరు, మారన్న మీద కాగితం రేపు రేంజి ఆఫీసుకు పోతుందని, కేసు తేలేదాకా అతని గొర్రెలను ఈ బీటు మొత్తంలో ఎక్కడికీ రానివ్వమని చెప్పారు. మారన్న లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

బయట నా పక్కకు వచ్చాడు. "అక్కా, మంది ముందర అడగలా. లైను మీద తిరిగేది నువ్వు. నువ్వు చెప్పిందే నిజమని వాళ్ళు రాసినారు. నిజమే గదా?"

"ఏందప్పా అట్లడుగుతావు" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. అతను సరే అక్కా అని గొర్రెల వైపు పోయాడు.

అప్పుడే మడకశిర వైపు మబ్బు పట్టింది. మా సీమలో మబ్బు చూస్తే చేతులెత్తి మొక్కుతాం. నేను పుట్టాక వాన రాకూడదని కోరుకున్నది ఆ సాయంత్రమే. వాన వస్తే గుండ్రాలు కరిగిపోతాయి, మారన్న మాటకు ఆధారం ఉండదు. అదే గడియలో వాన వచ్చి అంతా కడిగేస్తే బాగుండునని కూడా కోరుకున్నాను. రెండు కోరికలూ నావే. వాకిలికి, వీధికి మధ్య తిరుగుతూ ఆకాశం చూశాను. చీకటి పడేవేళకు మేడానికి ఫోను చేసి, పొద్దున్నే గుట్టకు రమ్మని, కొలిచే టేపు తెమ్మని మాత్రం చెప్పాను.

ఆ తర్వాత ఇంకో మూడు ఎండాకాలాలు అదే పని చేసి, మోకాళ్ళ వల్ల మానుకున్నాను. ఇప్పుడు మా లైను మీద మోపు నిలబడదు. కోసిన రోజే ట్రాక్టరు లైను కిందికి వస్తుంది. మారన్న గొర్రెలు పక్క గుట్ట మీద రెండేళ్ళు మేసి, చిగురు నిలిచాక తిరిగి వచ్చాయి. నాకు తెలిసింది ఇది. మంట ఎక్కడ దాటిందో అడవే రాసిపెడుతుంది, కొన్ని రోజులు మాత్రమే ఉంచుతుంది. ఆ లోపల చూపించడం వాచరు పని. శుభ్రం అన్న మాట అలవాటుగా చెప్పేది కాదు, పోయి చూసి చెప్పేది.

ఆ ఫోను చేసిన మరుసటి పొద్దున ఆరింటికి మబ్బు అట్లాగే ఉంది, చినుకు పడలేదు. మేడాన్ని మలుపు దాకా తీసుకుపోయాను. ఆమె నిలబడిపోయింది.

"ఇవేంటి నర్సక్కా?"

"మోపులు నిలబెట్టిన చోట్లు మేడం. పదిహేడు. మంట ఈడే దాటింది. మారన్న పెట్టలా." మొదటి గుండ్రం దగ్గర కూర్చున్నాను. "ఇది నాది."

"మిగతావి?"

"అవి పదహారు."

ఆమె టేపు పట్టి ఒక గుండ్రం నుంచి ఇంకో గుండ్రానికి కొలిచింది, ఫోటోలు తీసింది. బండ మీద కూర్చుని కొత్త వాంగ్మూలం రాసి, రెండుసార్లు చదివింది. సిరా డబ్బా ఆఫీసులో ఉండిపోయింది. నా మోపు అడుగున మిగిలిన బొగ్గును నీళ్ళ సీసాతో తడిపి, దానితోనే వేలిముద్ర వేశాను.

కిందికి దిగి నేరుగా ఓబులమ్మ వదిన ఇంటికి పోయాను. ఇంకొకరి నోట వినకూడదని.

"చెప్పినా వదినా."

"నా పేరు గూడా?"

"నా పేరే. మీయి లెక్క చెప్పినా."

ఆమె "పదహారు లెక్క నిజమే గదా, తప్పు చెప్పలేదు గదా" అంది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, మసి అంటిన నా చేతి మీద పోసింది. తొమ్మిది కావస్తోంది. విజిల్ మెళ్ళో వేసుకుని మళ్ళీ గుట్ట ఎక్కాను.