ధనం మెల్లగా మాట్లాడలేదు

ధనాన్ని కోడలిగా తెచ్చుకున్నది పరాయివాళ్లు కాదు, సొంత మేనత్త జయలక్ష్మమ్మే. కారిమంగళం పక్కన వాళ్లకు మామిడితోపు, బోరు కింద టమాటా మడి ఉండేవి. బావ వీరప్ప నెమ్మదస్తుడు. తాగడు, చెయ్యెత్తడు. ఇంతకంటే ఏం కావాలన్నారు పెళ్లికొచ్చిన వాళ్లంతా. రెండు మూడేళ్లు తిరిగేసరికి వాళ్ల చూపులే ఆమె కడుపు మీద పడ్డాయి.

కడుపు పండుతుందంటే, వత్తల్‌మలై కొండ నుంచి తెచ్చిన వేరును పరగడుపున నూరి తాగింది. ఆ తర్వాత ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి పట్టారు. అక్కడి డాక్టరమ్మ మొదటిరోజే వీరప్పను కూడా పరీక్ష చేయించుకోమంది.

"నేను సేలంలో చూపించుకున్నానమ్మా. నాకేం కొర లేదు, అంతా బాగుందన్నారు," అన్నాడతను నేల చూపులు చూస్తూ. సిగ్గుపడుతున్నాడనుకుంది ధనం.

ఇక సూదులన్నీ ఆమెకే. గర్భసంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసినప్పుడు బల్ల అంచు పట్టుకుని నెత్తురొచ్చేలా పెదవి కొరుక్కుంది. చివరికి బొడ్డు దగ్గర కోసి, లోపలికి కెమెరా దింపి చూశారు. మత్తు దిగాక డాక్టరమ్మ, "నీలో నాకు ఏ తప్పూ కనపడలేదమ్మా," అంది.

"తప్పు లేకుంటే బిడ్డ ఏదే? గొడ్డుది గొడ్డుదే," అంది అత్త ఇంటికి రాగానే. కోత మానకముందే కాయల బుట్టలు మోయించింది. వీరప్ప అక్కడే ఉన్నాడు. చెప్పులు తొడుక్కుని తోపు వైపు వెళ్లిపోయాడు.

2006లో మామిడి కాపు అయిపోయాక, వీరప్పకు రెండో పెళ్లి చేయాలని ఏ. పళ్లిపట్టిలో ఒక పిల్లను చూసి వచ్చారు. ధనానికి ఎవరూ చెప్పలేదు. వాకిట్లో విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే ఆడవాళ్లు గుసగుసలాడుకుంటుంటే వింది.

మరునాడే బస్సెక్కి పళ్లిపట్టిలో దిగి, ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్లింది. ఆ పిల్లను జుట్టు పట్టి ఈడ్చాలన్నంత కోపంతోనే వెళ్లింది. తీరా చూస్తే వినోదిని పసిముఖం ఇంకా పోని పిల్ల. వచ్చిందెవరో తెలియక, "కూచో అక్కా," అని నీళ్ల చెంబు అందించింది. తల్లి సరసుకు మాత్రం అర్థమైంది. కూతుర్ని లోపలికి పంపింది.

"నీకు అన్యాయమే. కాదనను," అంది సరసు. "నీకు కొర ఉండాదని చెప్పినారు."

"నాకేం లేదని డాక్టరమ్మ చెప్పింది."

"మరి ఆయనకు?"

"సేలంలో చూపించుకున్నాడు. బాగుందన్నారంట."

"నువ్వు కూడా పోయినావా?"

ఎప్పుడు వెళ్లాడో, ఎవరు చూశారో, ధనం ఒక్కనాడూ అడగలేదు. ఒళ్లంతా భగ్గుమంది.

"అక్కా, ధర్మపురిలో మళ్లీ చూపించుకోమని ఆయన్ని అడుగు," అంది. "నాకోసరం కాదు. నీ పొణ్ణు కోసరం, ఆ పిల్ల బతుకు కోసరం."

సరసు అడిగించింది. కబురు అందగానే వీరప్ప ఇంటికొచ్చి, ఆమె కాపురానికొచ్చాక మొదటిసారి భార్య మీద చెయ్యెత్తాడు.

"నా మానం తీసినావు."

"కొట్టు బావా. కొట్టి, ధర్మపురికి రా. బస్సుంది."

ఎత్తిన చెయ్యి అట్లాగే నిలిచి, తర్వాత కిందికి జారింది.

"రాను. ఏం చెప్తారో నాకు తెలుసు. సేలంలోనే చెప్పినారు. నాలో బీజం సరిగా లేదంట."

"ఎప్పుడు చెప్పినారు?"

"నీకు ఆస్పత్రి మొదలుపెట్టక ముందే."

"నన్ను కోసేటప్పుడు గది బయట కూచోనుంటివే. తెలిసే కూచోనుంటివా?"

"చెప్పేదానికి నోరు రాలేదు ధనం. ఊర్లో తలెత్తుకోని తిరగాల కదా."

"నువ్వు తలెత్తుకునేదానికి నా కడుపు కోయించినావు."

జయలక్ష్మమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది. కొడుకు మాట ఆమె చెవిన పడనే పడింది. ముఖం పాలిపోయింది. అయినా నోటివెంట వచ్చింది ఇదే: "మెల్లగా మాట్లాడు. పక్కింటోళ్లు వింటారు."

"నన్ను గొడ్డుది అనేటప్పుడు మెల్లగా అన్నావా అత్తా?"

ధనం వాకిట్లోకి వచ్చి నిలబడింది. కాయలొలిచే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. సేలం సంగతి, ఎక్స్‌రే సంగతి, కోత సంగతి ఒక్కటీ దాచకుండా వాళ్లకు చెప్పింది. కన్నీటి చుక్క రాలేదు. సొంత మేనత్త తల దించుకుని లోపలికి వెళ్తుంటే జాలి కూడా కలగలేదు.

రెండో పెళ్లి మాట అక్కడితో చచ్చింది. వినోదినికి మరుసటేడు వేరే సంబంధం కుదిరింది. వీరప్ప చాన్నాళ్లు సంత ముఖం చూడలేదు. తర్వాత తానే ధర్మపురికి వెళ్లి మందులు వాడాడు. గుణం కనిపించలేదు. కోయంబత్తూరులో పెద్ద వైద్యం ఉందని, దానికి భార్య కూడా సూదులు వేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పిందట. గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించుకుని, వస్తావా అని అడిగాడు.

"నీ వైద్యానికి నువ్వు పో," అంది ధనం. "నా ఒళ్లు ఇంక ఇయ్యను."

పుట్టింటికి పోతుందనుకున్నారు ఊళ్లో. పోలేదు. ఆ టమాటా మడిలో సగం చాకిరి తనది, ఎందుకు వదిలిపెట్టాలి? బిడ్డ లేదన్న బాధ కొన్నాళ్లు లోపలికి అణిగేది, కొన్నాళ్లు పైకి తేలేది. కోపం మాత్రం అణగలేదు. వీరప్పకు వేళకు సంగటి పెట్టేది. అడిగినదానికి బదులు చెప్పేది. తనంతట తానుగా అతనితో ఒక్క మాట కలిపేది కాదు.