పలకమూతి అడిగిన ఇల్లు

మంచిర్యాల చేపల మార్కెట్లో సిమెంటు తొట్టి దగ్గరికి పోతే ముందు కోడిపేగుల కంపు కొడుతుంది. ఆ మురికినీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి కదిలే పెంపకం చేపల పైన ‘పలకమూతి దొరుకును’ అని అట్టముక్క వేలాడుతోంది. పోయిన వారం దాన్ని చూసి నాకు ఒళ్లు మండింది. కోళ్ల చెత్త మేపిన చేపకు ఆ పేరు పెట్టినందుకు కొంత. ఆ పేరును మొదట చెడగొట్టింది మా ఇల్లేనని తెలిసి కూడా ఇన్నేళ్లు నవ్వుతూ తిరిగినందుకు అంతకన్నా ఎక్కువ.

పలకమూతి అంటే ఏదో ఒక చేప కాదు. మూతి బడిపలకలా చదునుగా ఉండి, నీళ్ల అడుగున బురదను కరుచుకుని పడుండేవి ఏవైనా, కొర్రమట్టయినా మార్పు చేపయినా, మా బొగ్గుగని కాలనీలో పలకమూతులే. ముళ్లు తక్కువ, తడిగోనె కప్పితే ఒక పూట బతికే ఉంటాయి, కాబట్టి అవి జబ్బుపడి లేచేవాళ్లకు పెట్టే చేపలు. నోటి రుచికి కావాలంటే కొర్రమట్టను కొర్రమట్ట అనే అడిగేవాళ్లు. ‘పలకమూతి ఉన్నదా’ అని అడిగితే మాత్రం ఆ ఇంట్లో ఎవరో మంచంలో ఉన్నారని అర్థం. గుమ్మంలో నిలబడి రోగం పేరు ఎత్తకూడదని పెద్దల పట్టింపు. గోదావరి ఒడ్డు నుంచి గంపతో వచ్చే రాజవ్వ కూడా ఎవరికని అడగకుండా, బేరం పెట్టకుండా, గోనె కింద దాచిన బతికున్న చేపను తీసి ఇచ్చేది. మళ్లీ వచ్చినప్పుడు గంప దించకముందే, “లేసి తిరుగుతుండ్రా, చెల్లె?” అని ఆరా తీసేది.

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, కాలనీ అంతా చేపలే. తొలకరికి తడిసిన బొగ్గుపొడి వాసన, పొయ్యిల పొగ, మెంతులు వేసి కాచే చింతపులుసు ఘాటు ఒకదాన్నొకటి తోసుకుంటూ వీధిలోకి వచ్చేవి. కుళాయి దగ్గర ఆడవాళ్లు బూడిద పట్టించి చేపలను బండకు రుద్దుతుంటే, పిల్లలం వాటి గాలితిత్తులు ఏరుకుని మడమ కింద పెట్టి టప్పున పేల్చేవాళ్లం, పిల్లులు ఉలిక్కిపడి గోడలెక్కేవి.

అలాంటి ఒక మిరుగు నాడు, మేం బాపు అని పిలిచే నాన్నను గనిలోంచి నేల మీది పైపనికి మార్చగల పెద్దసారు మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. ఆయనకు కొర్రమట్ట ఇష్టం. రాజవ్వ మా గుమ్మానికి వచ్చేసరికి గంపలో చిన్న పరక చేపలే మిగిలాయి, గోనె కింద ఒక్క కొర్రమట్ట తప్ప. బాపు లోపల అవ్వతో, మా అమ్మతో, మెల్లగా చెప్పాడు.

“పలకమూతి అని అడుగు. మారు మాట్లాడకుంట ఇస్తది.”

అవ్వ కొంగు నలుపుకుంటూ పోయి అడిగింది. రాజవ్వ మారు మాట్లాడకుండానే ఇచ్చింది.

పక్క క్వార్టర్‌లో సారక్క విషజ్వరంతో చాలా రోజులుగా పడి ఉంది. ఆమె అత్త అడిగే వేళకు గోనె కింద ఏమీ లేదు. మధ్యాహ్నం రాజవ్వ మళ్లీ వచ్చి మా పెరటి గుమ్మంలో నిలబడింది.

“జర సగం పులుసు సారక్కకియ్యి, చెల్లె. ఇన్ని దినాలకు ఇయ్యాల్నే తింటనన్నదట.”

అవ్వ తల దించుకుంది. లోపల పెద్దసారు చేపతల చీకుతూ కూర్చున్నాడు. రాజవ్వ ఆయన్ని చూసింది, మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది. ఎన్నడూ అడగని మాట అడిగింది.

“మీ ఇంట్ల ఎవలకు బాగలేదు?”

“మా సారుకే. ఆకలి రోగం,” అన్నాడు బాపు.

పెద్దసారు పొలమారేలా నవ్వాడు. అక్క, నేను కూడా నవ్వాం.

“ఇగ అడిగే ఇస్త, అన్నా,” అని రాజవ్వ వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి ప్రతి గుమ్మంలో ఎవరికని అడిగాకే గోనె ఎత్తేది. ఇంటి ముందు రోగం పేరెత్తుతుందని ఆడవాళ్లు మండిపడి, ఆమె దగ్గర కొనడం మానేశారు. కొన్నాళ్లకు ఆమే రావడం మానేసింది. రాజవ్వకు పొగరెక్కిందని కాలనీ తీర్మానించింది. అసలు సంగతి తెలిసిన మా ఇల్లు నోరు విప్పలేదు. బాపుకు పైపని దొరికింది. సారక్క ఆలస్యంగానైనా లేచింది. ఎవరూ చావలేదు కాబట్టే అది మాకు జోకుగా మిగిలింది. ఆ ‘ఆకలి రోగం’ మాటను పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పి చెప్పి నవ్వించింది నేనే. ఇప్పుడు చెబుతున్నాను: రాజవ్వకు పొగరు లేదు. సిగ్గు లేనిది మాకు.

పోయిన వారం మార్కెట్‌కు పోయింది అక్క కోసమే. ఆపరేషనయ్యాక ఏదీ సయించక, ఆ పులుసు కావాలని ఆమే నోరు తెరిచి అడిగింది. తొట్టి దగ్గర నా నోటికి పాత మాటే వచ్చింది.

“పలకమూతి ఉన్నదా?”

“ఎన్ని కిలోలు, అంకుల్?” అన్నాడు వల పట్టుకున్న కుర్రవాడు. “ఫంక్షన్ ఉన్నదా? ఎక్కువ తీస్కుంటే తగ్గిస్త.”

“ఫంక్షన్ కాదు. మా అక్కకు బాగలేదు.”

ఆ గోలలో వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా చెప్పాను. అతను అప్పటికే తక్కెడలో చేపలు వేస్తున్నాడు.