కట్టెల గూడు

సముద్రం వెంబడి పోయే కార్లన్నీ ఆ పాత ఊళ్లో కాసేపు ఆగుతాయి. జనం దిగి ఒళ్లు విరుచుకుంటారు, తుప్పు పట్టిన ఫిరంగి పక్కన ఫొటో దిగుతారు, టీ తాగి పోతారు. ఇక్కడ మనుషులు కూడా కాపురాలు చేస్తుంటారన్న సంగతి వాళ్లకు గ్లాసు తిరిగిచ్చేటప్పుడు కూడా తోచదు.

ఆ టీ కాచేది కోట గోడకు ఆనుకుని ఉన్న పెంకుటింట్లో. ముందు గది టీకొట్టు, వెనక వంటిల్లు. టీకొట్టు నడిపే ఆమెకు అది తల్లి ఇచ్చిన ఇల్లు. ఆ తల్లి చేపల గంప మోసి మోసి మెడ వంగిపోయాక కట్టుకుంది. సముద్రపు గాలికి కట్టెలు చెమ్మగిల్లి పొయ్యి అంటుకునేది కాదని, వంటింటి వెనక గోడలో కమాను తీర్చిన గూడొకటి కట్టించుకుంది. ఆ సున్నం కలపడానికి నీళ్లు మోసింది కూతురే. అప్పటికింకా పరికిణీ కట్టే వయసు.

ఆమె మొగుడు గైడు. ఆయన్ని ఎవరూ నియమించలేదు, నోరే ఆయన ఉద్యోగం. లారీ క్లీనరుగా వచ్చి ఈ ఊళ్లో దిగి, ఆమెను చేసుకుని, ఇక ఎక్కలేదు. ఒక వానరోజు టీ తాగకుండానే వ్యాను ఎక్కబోతున్న ఒక కుటుంబాన్ని ఆపాలని, వంటింట్లో రాణీగారి సొరంగం ఉందనేశాడు. వాళ్లు లోపలికొచ్చి, ఆమె కట్టెలు పక్కకు తోసి, గూట్లోకి టార్చిలైటు వేసి ముక్కున వేలేసుకున్నారు. తలా రెండు టీలు తాగారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మొదట్లో రాణి ఆ సొరంగంలో నడిచి పారిపోయింది. కొన్నాళ్లకు గుర్రమెక్కింది. చివరికి ఏనుగు కూడా దూరింది. ఆ ఏనుగు దూరిన గూట్లో ఆమె కట్టెలు నిలబెడితే పట్టేవి కావు, విరిచి పెట్టుకునేది. మా అమ్మ గోడ మీద అబద్ధాలు ఎందుకని ఒకసారి అడిగింది. ఎవరి సొమ్మేం పోయిందన్నాడు. టీ అమ్ముడవుతోంది కదా అని ఆమె కూడా నోరు మూసుకుంది. ఊళ్లోవాళ్లు ఆయన పేరే మరిచిపోయి సొరంగమయ్య అనడం మొదలుపెట్టారు. ఆయన పలికేవాడు.

ఆ సొరంగం వీడియోలకెక్కింది. కోట బాగోగులు చూసే ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. కోటను ఆనుకున్న ఇళ్లు ఉంటే ఉన్నాయి గానీ, సొరంగమంటూ ఉంటే తవ్వక తప్పదని, ఇల్లు తీసేసి బస్టాండు వెనక గది ఇస్తామని చెప్పాడు. ఉత్త కట్టెల గూడే అయితే ఇన్నాళ్లూ చూపించిన గైడే ఆ మాట చెప్తే చాలు, అదే రాసుకుని పోతానన్నాడు. మర్నాడు మళ్లీ వస్తానన్నాడు.

ఆ సాయంత్రం ఆమె మొగుడి పక్కన కూర్చుంది.

"చూడు, రేపు ఆయన అడిగితే ఒక్క మాట చెప్పు. మా అత్త కట్టెల గూడు అని చెప్పు. ఇంకేం వద్దు."

"చెప్తాలే. నాకు మాత్రం ఇల్లు కాదా?"

మర్నాడు ఆఫీసరు వచ్చే సమయానికి బస్సు నిండా జనం దిగి ఉన్నారు. అందులో ఒక పెద్దాయన. పెళ్లయిన కొత్తలో ఈ సొరంగం చూశాడట. ఇప్పుడు మనవలకు చూపించాలని దారి మళ్లించి మరీ తీసుకొచ్చాడు. వంటింట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆఫీసరు అందరి ముందే అడిగాడు. గైడు ఆఫీసరును చూడలేదు, ఆ పెద్దాయన మొహం చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఆమెకు తెలుసు. పొయ్యి దగ్గర నుంచి ఆమె లేచింది.

"ఉంది సార్. మా అత్తగారు ఈ గూటికి చెవి పెట్టి సముద్రం హోరు వినేవారు. పోయేముందు నాతో చెప్పారు."

అత్తగారు పోయేనాటికి ఆయన ఈ ఊరి మొహమే చూడలేదు.

"అబద్ధం సార్," అంది ఆమె. "మా అమ్మ కట్టెల కోసం కట్టించుకుంది. నీళ్లు నేనే మోశాను."

ఆఫీసరు జాలిగా నవ్వాడు. ఇల్లు పోతుందంటే ఎవరైనా అలాగే అంటారమ్మా అన్నాడు. జనం తలలూపారు. ఎవరో పాపం అన్నారు. పెద్దాయన మనవణ్ణి ఎత్తుకుని గూట్లోకి చూపించాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. పెద్దవాళ్లు చెప్పిన మాటే గానీ, ఈయన తీసిన గోతిలో ఆవిడ పడింది. ఇల్లు తీసేశారు. తవ్వితే తల్లి పేర్పించిన ఇటుకలు, వాటి వెనక కోటరాయి. అంతే. ఆఫీసరుకు బదిలీ అయింది. గొయ్యి చుట్టూ తాడు కట్టి వదిలేశారు.

బస్టాండు వెనక గదిలో ఆమె మొగుణ్ణి ఒకసారే అడిగింది.

"ఎందుకు చెప్పలేదు?"

"అంతమంది ముందు నేను అబద్ధాలకోరునని ఎలా చెప్పుకోను?"

ఆమెకు ఆ గొంతు పిసకాలనిపించింది. ఆకలేస్తోందన్నాడు. లేచి కంచం పెట్టింది. ఆ తర్వాత ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయనకు అది పెద్ద లోటుగా అనిపించినట్టూ లేదు, వినేవాళ్లు రోజూ దిగుతూనే ఉన్నారు. సొరంగాన్ని శత్రువులు రాళ్లతో పూడ్చేశారని ఇప్పుడు తాడు పక్కన నిలబడి చెప్తాడు. మునుపటికంటే ఎక్కువమందే వింటారు.

ఆమె రోడ్డుకు ఇవతల తోపుడుబండి మీద టీ కాస్తుంది. మొన్న కారు దిగిన ఒకావిడ గ్లాసు అందుకుంటూ, అవతల చేతులు తిప్పుతున్న గైడును చూపించి అడిగింది.

"నిజంగా అక్కడ సొరంగం ఉందా అక్కా?"

"ఉందమ్మా. మా ఇల్లు అందులోనే పోయింది."

ఆవిడకు కథ నచ్చింది. ఆమెను కాస్త పక్కకు జరిగి నిలబడమని, గొయ్యి కనపడేలా ఒక ఫొటో తీసుకుంది.