తెర మీది వాగు

రెండువేల ఒకటిలో పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీ ఒకటి తన ప్రచార సీడీ పనిని యాదన్నకు అప్పగించింది. టెంపరరీ మల్టీమీడియా ప్రోగ్రామరు అతను. సీడీ నచ్చితే పర్మనెంటు.

సీడీ కోసం తీసిన వీడియోలో ఫ్యాక్టరీ పక్క వాగు ముదురు గోధుమ రంగులో నురగలు కక్కుతోంది.

"నీళ్ల రంగు మార్చు. నాలుగు చేపలు గూడ వెయ్యి," అన్నాడు మేనేజరు.

ఆ వాగు ఒడ్డునే పెరిగినా, యాదన్న దాన్ని తేటగా ఎన్నడూ చూడలేదు. ఇంటికెళ్లి తల్లి సోమమ్మను అడిగాడు.

"అవ్వా, మన వాగు అప్పట్ల ఏ రంగుండె?"

"నీళ్లకు రంగేందిరా? అడుగున ఇసుక కనవడేది. ఇప్పుడు బర్రెలు గూడ మూతి వెడ్తలెవ్వు."

మర్నాడు అతను వాగుకు నీలం పూసి, చేపలు వేశాడు. మేనేజరు మెచ్చి, పర్మనెంటు ఆర్డరు చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో యాదన్నకు ఆ చేత్తో అన్నం తినబుద్ధి కాలేదు. కడుక్కుందామని నల్లా తిప్పితే, ఫ్యాక్టరీ బోరు నీళ్లు వాగు కంపే కొట్టాయి.