www వద్దన్న మా తమ్ముడు సురేష్

నిన్న పొద్దున మిర్యాలగూడ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు గ్రైండర్‌లో మినప్పప్పు తిరుగుతోంది.

"మా సురేష్ పోయిండు బిడ్డా."

గుండెపోటట. గ్రైండర్ ఆపడం కూడా మర్చిపోయాను.

సురేష్ మా చిన్నాన్న కొడుకు. కోదాడలో ఇంటర్నెట్ షాపు. సూర్యాపేటలో నేను చేసే అప్పడాలు, వడియాలకు వెబ్‌సైట్ పెట్టించింది వాడే.

ఆ సైట్ మీదే మా ఇద్దరికీ గొడవ. అడ్రస్ ముందు www పెట్టి కొట్టినా వచ్చేది, పెట్టకుండా కొట్టినా వచ్చేది. నాకు బాగానే ఉంది. వాడికి నిద్రపట్టేది కాదు.

ఒకసారి మా డాబా మీద ఎండబెట్టిన వడియాలు పచ్చివే నములుతూ చెప్పాడు.

"అక్కా, నీ ఇంటికి రెండు గేట్లున్నయ్. ఇల్లొకటే అని మనకు ఎరుకే. సెర్చ్ ఇంజిన్‌కు తెల్వదు. రెండు చిన్న దుకాణాలనుకుంటది. మిర్యాలగూడ వాళ్లు ఒక అడ్రస్ లింకు ఇస్తరు, కోదాడ వాళ్లు ఇంకోటి. నీ పేరు సగం సగం అయితది. గందుకే ఎతికితే ఎనకపడ్డవ్. ఒకటి ఖాయం చెయ్."

"అయితే www ఉంచు. లేకుంటే ప్యాకెట్ మీద లేబుల్ బోసిగా ఉంటది. పెద్దోళ్లు అది చూస్తేనే ఇంటర్నెట్ అని గుర్తుపడతరు. ముందు ఆ వడియాలు కింద పెట్టు!"

"పెండ్లి పత్రికల పేరు ముందు చిరంజీవి అని రాస్తరు. ఇంటికొచ్చినోడు 'చిరంజీవి సురేష్ ఉన్నడా' అని అడుగుతడా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. అయినా ఒప్పుకోలేదు.

చివరికి పోయిన వారం వాడే దారి చూపాడు. లేబుల్ మీద www అలాగే ఉంటుంది. అది కొట్టినవాళ్లు కూడా www లేని అడ్రస్‌కే చేరేలా రీడైరెక్ట్ పెడతాడు. సరే అన్నాను.

"ఆదివారం వస్త అక్కా. గంట పని."

ఆ ఆదివారం ఇంకా రాలేదు.

కోపం వస్తోంది సురేష్. ఛాతీలో మంట అంటే దవాఖానకు పొమ్మన్నాను. "గ్యాస్ అక్కా" అన్నావు. అందరి సైట్లు ఎందుకు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయో కూర్చుని వెతికావు. నీ ఛాతీ ఎందుకు మండుతోందో చూపించుకోవడానికి తీరిక లేదా? గంట పని చేయకుండా పోతావా? ఇంత చిరాకు ఎవరి మీద చూపించాలి నేను?

ఇవాళ కోదాడలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేసే అతను అడిగాడు. "మేడం, పేరు ముందు కీ.శే. పెట్టాల్నా?"



వద్దన్నాను. ముందు ఏమీ వద్దు. ఒట్టి సురేష్ చాలు.

సైట్ పని ఎవరితోనైనా చేయిస్తాను. లేబుల్ మీద నా మాట, లోపల నీ మాట.

వెళ్లిరా తమ్ముడూ. నువ్వు పోయే చోటికైనా దారి ఒక్కటే ఉండాలి. తిరగకుండా నేరుగా చేరుకుని, చల్లగా విశ్రాంతి తీసుకో.