శ్రీ చుట్టిన ఫైలు

దయ్యాలంటే నాకు నవ్వు. ఎవరైనా చెప్పబోతే "ముందు ఫ్యూజు పోయిందేమో చూసుకోండి" అనే రకాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరితోనూ పూర్తిగా అనలేదు. చెబితే ఈసారి నన్ను చూసి నవ్వుతారు కదా.

తొంభైల చివరి మాట. చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం మీద, రెండు గదుల కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇల్లు అశోక్‌నగర్‌లో, కిరాయిది. నాన్నకు చూపు పోయి ఉద్యోగం మానేశారు. ఇల్లు నడిచేది నా ఒక్కదాని జీతంతోనే.

నాకు పని నేర్పింది రఘన్న. ఆఫీసులో నాకంటే సీనియర్. మానిటర్‌కు కుంకుమ బొట్టు పెట్టందే కూర్చునేవాడు కాదు. ఏ ఫైలైనా సరే, మొదట్లో ఇంగ్లిషు అక్షరాల్లో "శ్రీ" అని ఒక వరుస వచ్చేలా ప్రోగ్రాం రాసేవాడు. "కాగితమైతేంది, కంప్యూటరైతేంది తల్లీ? శ్రీ చుట్టకుండ ఎవలన్న మొదలువెడ్తరా?" అనేవాడు. విదేశీ కంపెనీ ముందు నామర్దా అని ఆఫీసు యజమాని, మా సార్, ఆ వరుస తీసేయించారు.

అప్పుడు చేస్తున్న పని సరుకుల వివరాలను ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో ఫైలుగా రాసి ఆ కంపెనీకి పంపడం. ఒక్కో సరుకు పేరు, బరువు, రంగు లాంటి వివరాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని యాట్రిబ్యూట్లంటారు. ఏది ముందున్నా పరవాలేదని ఎక్స్ఎంఎల్ నియమం. మేం వాడే సాధనం వాటిని అక్షరక్రమంలో పేర్చేది. ఆ కంపెనీవాళ్ల పాత ప్రోగ్రాం మాత్రం తనకు అలవాటైన వరుసలో లేకపోతే ఫైలు మొత్తాన్ని వెనక్కి కొట్టేది. ఆ వరుస ఏమిటో వాళ్లకే తెలియదు. రాసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడట.

కంపెనీవాళ్లు పంపే తప్పుల చిట్టాలు చూసి చూసి, రఘన్న ఒక సాయంత్రం చేతులు దులుపుకుంటూ లేచాడు. "దొరికింది తల్లీ వరుస. రేపొచ్చి రాసేస్త" అన్నాడు.

మర్నాడు రాలేదు. జ్వరం మెదడుకెక్కి, నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

సార్ నన్ను పిలిచారు. "జర ఎట్లన్న చెయ్యమ్మా. ఈ శనివారం లోపల వాళ్లు ఒప్పుకోకపోతే మన ఆఫీసు బంద్. నేను గూడ ఏం చెయ్యలేను" అన్నారు.

ఎనిమిది వివరాలు. వాటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో లెక్కేసుకుంటే నలభై వేలు దాటింది. ఒకటి పంపితే జవాబు మర్నాటికి గాని రాదు. రఘన్న యంత్రమంతా వెతికాను, ఎక్కడా రాసిపెట్టుకోలేదు. రోజూ ఆసుపత్రికి వెళ్లి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి బతిమాలేదాన్ని. "అన్నా, ఒక్కసారి చెప్పు." సిగ్గు కూడా వేయలేదు. ఆయన భార్య లలితక్క నా భుజం పట్టుకుని, "వినవడ్తలేదమ్మా ఆయనకు" అని తనూ ఏడ్చేది.

శుక్రవారం మధ్యాహ్నం. ఎండ కిటికీలోంచి నేరుగా బల్ల మీద పడుతోంది. కింద దుకాణంలో బూందీ వేయించే వాసన. ఇక నావల్ల కాదనిపించింది. నాన్నకు ఏమని చెప్పాలా అనుకుంటూ, రఘన్న యంత్రం మీద ప్రోగ్రాం ఊరికే మరోసారి నడిపాను. ఒక్క అక్షరం మార్చలేదు.

ఫైలు తెరిచాను. వివరాలు అక్షరక్రమంలో లేవు. రంగు ముందుంది, పేరు ఎక్కడో చివర ఉంది. ప్రతి సరుకుకూ అదే వరుస. ఫైలు మొదటి వరుస చూశాను. శ్రీ ఉంది.

ప్రోగ్రాం మొత్తం చదివాను. శ్రీ రాసే ముక్క అందులో లేదు, వరుస మార్చే ముక్కా లేదు. మళ్లీ నడిపితే మామూలు అక్షరక్రమమే వచ్చింది. ఇంకేం ఆలోచించలేదు. మొదట వచ్చిన ఫైలునే, శ్రీతో సహా, పంపేశాను.

ఇంకా కుర్చీలోంచి లేవనే లేదు, ఫోన్ మోగింది. లలితక్క. "అన్న కండ్లు తెరిచిండమ్మా!" పరుగు లాంటి నడకతో నారాయణగూడ చేరాను.

శనివారం జవాబు వచ్చింది. ఒప్పుకున్నారు. సార్ కింద నుంచి బూందీ తెప్పించి అందరికీ పంచారు.

రఘన్న కోలుకున్నాడు. మమ్మల్నందరినీ గుర్తుపట్టాడు. కొన్నాళ్లకు ఆఫీసుకూ వచ్చాడు. ఆయన వస్తున్నాడని మానిటర్‌కు నేనే బొట్టు పెట్టాను, జీవితంలో మొదటిసారి. ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, దాన్నే చూశాడు. "ఇది ఎట్ల చాలు జేస్తరమ్మా?" అన్నాడు.

కంప్యూటర్ ఆన్ చేయడం ఎలాగని ఆయన అడగడం పరాచికమనుకున్నాను. కాదు. కంప్యూటర్ విద్య ఒక్కటే లేదు ఆయనలో. తుడిచిపెట్టుకుపోయింది.

మెదడువాపులో కొన్ని జ్ఞాపకాలు పోవడం మామూలేనన్నారు డాక్టరు. అవును, ఒప్పుకుంటాను. మరి ఆ ఫైలు మాటేమిటి? నాకంటే చదువుకున్నవాళ్లను, పేర్లు చెప్పకుండా, అడిగి చూశాను. అలా జరగదన్నారు. జరగదని నాకూ తెలుసు.

ఆయన ఆఫీసు వదిలి వెళ్లిపోతూంటే, "ఎప్పుడైనా ఇంటికి వస్తాను, అడ్రసు రాసివ్వన్నా" అన్నాను. చక్కగా, తన పాత దస్తూరీలోనే రాసిచ్చాడు. కాగితం తిప్పి తిప్పి చూశాను. పైన శ్రీ లేదు.

నా ఉద్యోగం నిలబడింది. అది రఘన్న తనంతట ఇచ్చిందో, నేను అడిగి అడిగి లాక్కున్నదో ఇప్పటికీ నాకు తెలియదు.